ఏసీ కొనే ముందు రేకు సంగతి చూద్దాం



పోయిన ఆదివారం సర్వసభ్య సమావేశంలో మన షెడ్డుకి మూడు ఏసీలు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు "ఇప్పుడే వద్దు" అని చెయ్యెత్తింది మేమే. ఆ రాత్రి నుంచి ఫోన్లు ఆగలేదు. "పిల్లలు చల్లగా కూర్చుంటే మీకేం కష్టమండీ?" అని ఒకరు. "రిటైరైన గుమాస్తా బుద్ధి, చేతిలోంచి పైసా రాలదు" అని ఇంకొకరు. రెండో మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాం. మొదటి మాటకి మాత్రం జవాబు చెప్పాలి. మీటింగులో మాకిచ్చింది రెండు నిముషాలు. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాం. ఓపిగ్గా చివరిదాకా చదవండి. వచ్చే ఆదివారం ఓటు వేసే ముందు ఒకసారి ఆలోచించండి.

ముందుగా ఒక మనవి. మా బడి చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు ఇంట్లో మాట్లాడే భాష, అంతే. అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, ఆంధ్ర నుంచి బదిలీ మీద తిరుచ్చికి వచ్చిన ఒక సహోద్యోగి దగ్గర. రాతలో తమిళ వాసన వస్తే మన్నించండి. ఆ వయసులో పలక పట్టుకున్నవాళ్లం కనుకనే, ఆదివారం తరగతికి వచ్చే మన పిల్లల మీద మాకింత పట్టుదల. వాళ్లు మాలాగా నలభై ఏళ్లు ఆగకూడదు.

ఆ తరగతి సంగతే చెప్తాం. జూన్‌లో మొదలుపెట్టినప్పుడు షెడ్డు నిండింది. కార్తీకంలో కూడా బాగానే వచ్చారు. మార్చి నుంచి పలచబడింది. ఏప్రిల్ చివరికి గుణింతాలు చెప్పడానికి టీచరమ్మ ఉన్నారు, వినడానికి ఆరుగురు ఉన్నారు. వచ్చినవాళ్లలో ఒక పాప, "తాతా, తల మీద దోసె పెనం పెట్టినట్టుంది" అంది. మా ఆంధ్ర బంధువులు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇక్కడ మన ఇరుగుపొరుగు అగ్ని నక్షత్రం అంటారు. పేరు ఏదైనా ఎండ ఒకటే, ఆ పాప చెప్పిన పెనమూ ఒకటే.

మే నెలలో ఒక మధ్యాహ్నం, రెండున్నరకి, ఒక మిత్రుడి దగ్గర దూరం నుంచే వేడి కొలిచే థర్మామీటరు అడిగి తెచ్చుకుని షెడ్డులోకి వెళ్లాం. బయట వేపచెట్టు నీడలో 39 డిగ్రీలు. షెడ్డు లోపల, బల్ల మీద, 41. రెండు డిగ్రీలే తేడా. మరి చెట్టు కింద కూర్చోగలుగుతున్నాం, షెడ్డులో పది నిముషాలు కూర్చోలేకపోతున్నాం, ఎందుకు? థర్మామీటరు పైకి తిప్పి రేకు అడుగు భాగం చూశాం. 63. అదీ సంగతి. మనల్ని వేయిస్తున్నది లోపలి గాలి ఒక్కటే కాదు, నెత్తి మీదున్న రేకు. పొయ్యి ముందు నిలబడితే, మధ్యలో గాలి చల్లగా ఉన్నా, ముఖానికి సెగ తగులుతుంది కదా. అలాగే ఈ రేకు పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా సెగ కిందికి కొడుతుంది. ఫ్యాను ఆ సెగని ఆపలేదు. గాలి ఒంటి వేడిని దాటిపోయాక అది వేడి గాలినే మన మీదికి తోస్తుంది.

ఈ షెడ్డు మనది ఎలా అయిందో కొత్త సభ్యులకి తెలియకపోవచ్చు. ఇది వేరుశెనగ మూటలకి కట్టిన గోడౌను. తమిళంలో కిడంగు అంటారు, తెలుగులో గిడ్డంగి అంటారు, వింటే రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. వ్యాపారం మానేశాక ఆ పెద్దాయన సంఘానికి రాసిచ్చారు. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, ఇనుప ట్రస్సులు, పైన జింకు పూత రేకులు. ఆ పూత చాలా చోట్ల పోయి తుప్పు కనబడుతోంది. మూటలకి చెమట పట్టదు, అందుకని అప్పుడు ఎవరూ రేకు కింద ఏమీ వెయ్యలేదు. మూటలు ఉన్న చోట ఇప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టాం. ఇల్లు మార్చకుండా మనుషుల్ని మార్చాం. తప్పు అక్కడుంది.

రైల్వేలో మేము గూడ్సు షెడ్డులో, పార్సెలు ఆఫీసులో ముప్పై ఏళ్లకి పైగా పనిచేశాం. పాత గూడ్సు షెడ్డులకి కూడా రేకులే. కాని అవి ఎంతో ఎత్తు, రెండు పక్కలా తెరిచి ఉండేవి, చాలా వాటికి కొప్పు దగ్గర వేడిగాలి పోవడానికి సందు ఉండేది. మధ్యాహ్నం కష్టంగానే ఉండేది గాని ప్రాణం పోయేది కాదు. గూడ్సు బండి చివర గార్డు గారి బ్రేక్ వ్యానులో మే నెలలో ఒక ప్రయాణం చేసినవాళ్లని అడగండి, ఇనుప పెట్టె అంటే ఏమిటో చెప్తారు. అదే పట్టాల మీద ఏసీ కోచి కూడా వెళ్తుంది. అదీ ఇనుమే. తేడా ఏమిటంటే, ఏసీ కోచి గోడల్లోనూ పైకప్పులోనూ బయటి ఇనుముకీ లోపలి పలకకీ మధ్య గ్లాస్‌వూల్ లాంటిది కూరి ఉంటుంది. ఆ పొర తీసేసి ఏసీ ఒక్కటే పెట్టి బండి నడిపితే ఎవరూ టికెట్టు కొనరు. మన షెడ్డుకి ఇప్పుడు మనం చేయబోతున్నది ఆ పనే.

గుమాస్తా కదా, లెక్క లేనిదే మాకు నిద్ర పట్టదు. మోటు లెక్కే, కాని ఎంత తేడా వస్తుందో తెలియడానికి చాలు.

షెడ్డు కొలత 2400 చదరపు అడుగులు, అంటే సుమారు 223 చదరపు మీటర్లు. రేకు అరవై అయిదు డిగ్రీల దగ్గర ఉండి, కింద ముప్పై డిగ్రీల చల్లదనం కావాలంటే, అడుగున ఏ పొరా లేని తుప్పు రేకు నుంచి చదరపు మీటరుకి సుమారు 200 వాట్ల వేడి దిగుతుంది. మొత్తం కప్పుకి అది దాదాపు 45 కిలోవాట్లు. ఏసీ ఒక టన్ను అంటే మూడున్నర కిలోవాట్ల వేడిని బయటికి తోయడం. అంటే నడిమధ్యాహ్నం ఒక్క కప్పు వేడికే పన్నెండు, పదమూడు టన్నులు కావాలి. మనం కొంటామంటున్నది రెండు టన్నులవి మూడు, మొత్తం ఆరు. నలభై మంది కూర్చుంటే వాళ్ల ఒంటి వేడికే ఒక టన్నుకి పైగా పోతుంది. పైగా చూరు కింద వేలెడు సందులున్నాయి, చల్లగాలి అటు నుంచి వీధిలోకి వెళ్తుంది. మిషన్లు ఆగకుండా తిరుగుతాయి, మీటరు తిరుగుతుంది, షెడ్డు మాత్రం చల్లబడదు.

అదే రేకు కింద 50 మిల్లీమీటర్ల గ్లాస్‌వూల్ గాని రాక్‌వూల్ గాని వేస్తే? చదరపు మీటరుకి 200 వాట్లు దిగేచోట పాతిక వాట్లు దిగుతుంది. ఎనిమిదో వంతు. మొత్తం కప్పుకి అయిదున్నర, ఆరు కిలోవాట్లు, అంటే టన్నున్నర, రెండు టన్నులు. ఇంకా ఏసీ కావాలనుకున్నా అప్పుడు చిన్న వాటితో సరిపోతుంది. అసలు అవసరం పడకపోవచ్చు కూడా. తల మీద పెనం తీసేస్తే ఫ్యాను గాలే చాలామందికి చాలు.

కనుక మేము ఏసీ వద్దనడం లేదు. ముందు కప్పు, తరవాత ఏసీ అంటున్నాం. ముందు ఏసీలు కొనేస్తే డబ్బంతా అక్కడే అయిపోతుంది, కప్పు పని ఎప్పటికీ జరగదు. మన సంఘం చరిత్ర తెలిసినవాళ్లు ఈ మాట కాదనలేరు.

ఇప్పుడు పని వరస. కప్పు పనుల కాంట్రాక్టర్లు ముగ్గురితోనూ, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు గారితోనూ మాట్లాడాక మాకు అర్థమైనది రాస్తున్నాం.

మొదటిది, కారడం ఆగాలి. ఇన్సులేషన్ వేశాక పై రేకు మనకి కనబడదు. ఎక్కడ కారుతోందో తెలియదు. వూల్ తడిస్తే వేడిని ఆపే గుణం పోతుంది, బరువెక్కి వేలాడుతుంది, తడి పట్టుకుని రేకుని ఇంకా తినేస్తుంది. కనుక తుప్పు బాగా తిన్న రేకులు మార్చాలి, వదులైన బోల్టులు, ఎండిపోయిన వాషర్లు మార్చాలి. ఈ పని వానలు వెళ్లాకే. మనకి పెద్ద వానలు ఐప్పసిలో, కార్తీకంలో. ఆ వానల్లో ఎక్కడెక్కడ కారుతుందో సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టుకుని, జనవరిలో మనుషుల్ని ఎక్కించాలి. పాత రేకు మీద, మధ్యలో వెలుతురు కోసం వేసిన ఫైబరు షీట్ల మీద అడుగు వేస్తే దిగబడి పడిపోతారు. నడవడానికి పలకలు, నడుముకి బెల్టు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకూడదు. ఎక్కేది ఎవరో ఇంటి బిడ్డ.

రెండవది, ఇంజనీరు గారు ట్రస్సులు చూసి సరే అనాలి. 50 మిల్లీమీటర్ల వూల్, వలతో కలిపినా, చదరపు మీటరుకి మూడు నాలుగు కిలోలు దాటదు. కాని పాత ఇనుము, తుప్పు పట్టిన కాళ్లు. చూడకుండా వేలాడదీయకూడదు.

మూడవది, వైరింగు. ఇప్పుడు పర్లిన్ల వెంట వేలాడుతున్న పాత వైర్లన్నీ తీసి పైపుల్లో కొత్తవి వేయాలి. పాత వైరు మీద వూల్ కప్పితే వైరు వేడి బయటికి పోదు.

నాలుగవది, రేకు పైన తెల్ల పెయింటు. ఎండని తిప్పికొట్టే పెయింట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, రెండు పూతలు వేస్తే మండే మధ్యాహ్నం రేకు వేడి పదిహేను, ఇరవై డిగ్రీలదాకా తగ్గవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ఒక విధానమే తెచ్చింది, అంటే ఇది మా ముసలివాళ్ల పిచ్చి కాదు. ఒక లోపం ఉంది. దుమ్ము పడితే తెలుపు పని చెయ్యదు. ఏటా మాసిలో ఒకసారి కడగాలి, కొన్నేళ్లకి ఒకసారి మళ్లీ పూయాలి. కడిగేవాళ్లు ఎవరో ఇప్పుడే రాసుకుంటే మంచిది.

అయిదవది, వేడిగాలికి దారి. కొప్పు దగ్గర నాలుగు తిరిగే వెంటిలేటర్లు పెట్టిస్తామని ఒక కాంట్రాక్టరు అన్నాడు. మంచిదే, కాని కింద నుంచి గాలి రావడానికి దారి లేకపోతే పైన అది ఊరికే తిరుగుతుంది. ఉత్తరం గోడకి కింద జాలీలు పెట్టాలి. వాటికి ఎలుకలు రాకుండా వల. రేపు ఏసీ పెడితే ఇవన్నీ మూసుకునేలా తలుపులు కూడా.

ఆరవది, ఇన్సులేషన్. పర్లిన్ల అడుగున వల కట్టి, దాని మీద వూల్ పరిచి, కింది వైపు అల్యూమినియం రేకు ఉన్న ముఖం కనబడేలా, అతుకులన్నీ టేపుతో మూసి. రాత్రి రేకు మంచులా చల్లబడినప్పుడు లోపలి గాలిలో తేమ దాని అడుగున చెమట పడుతుంది. ఆ తేమ వూల్ లోకి పోకుండా ఆపేది ఈ ముఖమే. వూల్ పీచు ఒంటికి తగిలితే దురద, ఊపిరికి మంచిది కాదు. పని జరిగేటప్పుడు కూలీలకి మాస్కు, చేతి తొడుగులు మనమే ఇవ్వాలి. పని అయ్యాక ఎక్కడా పీచు బయటికి కనబడకూడదు. ఉడతలు, పావురాలు గూడు కట్టకుండా చివర్లు మూయాలి.

గోడల సంగతి అడిగారు కొందరు. తిరుచ్చి పదకొండు డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మన నీడ మన కాళ్ల కిందే ఉంటుంది. అంటే ఎండాకాలమంతా పెద్ద దెబ్బ తినేది కప్పు. గోడల్లో పడమటిది ఒక్కటే సాయంత్రం కాలుతుంది. దానికి బయట వెదురు తట్టి కట్టి తీగ పాకిస్తే చాలు.

ఇక ముఖ్యమైన మాట, నిప్పు. ఒక కాంట్రాక్టరు అందరికంటే తక్కువకి కొటేషన్ ఇచ్చాడు. థర్మోకోలు పలకలతో సీలింగు. చవక, తేలిక, తెల్లగా అందంగా ఉంటుంది, వేడి కూడా ఆపుతుంది. మీటింగులో చాలామందికి అది నచ్చింది. మాకు ఆ కాగితం చూడగానే కడుపులో దేవినట్టైంది.

2004 జనవరి 23న మన పక్కనే శ్రీరంగంలో కల్యాణ మండపం మీద వేసిన ఆకుల పందిరికి నిప్పంటుకుంది. పెళ్లికొడుకుతో సహా యాభై మందికి పైగా పోయారు. అదే ఏడు జూలై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. అక్కడా ఆకుల కప్పే. ఆ తరవాతే బడుల మీద ఆకుల కప్పులు తీయించారు, ఎన్నో చోట్ల వాటి బదులు రేకులు వచ్చాయి. నిప్పు భయం తగ్గింది, ఎండ బాధ వచ్చింది. ఇప్పుడు ఆ ఎండ బాధ కోసం మళ్లీ కాలే వస్తువునే పిల్లల తల మీద కడదామా? థర్మోకోలు వేడికి కరిగి బొట్లుగా రాలుతుంది, నల్లటి పొగ వదులుతుంది. మంట తొందరగా అంటుకోకుండా మందు కలిపిన రకాలున్నాయంటారు, కాని కొటేషన్‌లో ఆ మాట లేదు. రాక్‌వూల్ అంటే రాతిని కరిగించి తీసిన పీచు, అది కాలదు. ధర ఎక్కువే. ఆ తేడా డబ్బు ఇవ్వలేకపోతే సగం షెడ్డుకే వేసుకుందాం, ఆ సగంలోనే తరగతి పెడదాం. కాలే సీలింగు మాత్రం వద్దు. ఈ ఒక్క విషయంలో మేము ఓటుకి కూడా తల వంచం.

కొటేషన్ల గురించి ఇంకొంచెం. ముగ్గురూ చదరపు అడుగుకి ఇంత అని రాశారు. ఒకరు వూల్ 50 మిల్లీమీటర్లు అని రాశారు, ఎంత సాంద్రతో రాయలేదు. ఇంకొకరు అదీ రాయలేదు, "మంచి క్వాలిటీ" అని రాశారు. మంచి క్వాలిటీ అన్న మాటకి రైల్వే రసీదులో ఏ కాలమూ లేదు. తూకం, కొలత, అంతే. వూల్ సాంద్రత ఘనపు మీటరుకి 24 కిలోలనీ, 32 అనీ, 48 అనీ అమ్ముతారు. 48ది వేస్తామని చెప్పి 24ది వేస్తే ఎలా తెలుస్తుంది? చాలా సులువు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ముక్క కోసి తూచండి. 50 మిల్లీమీటర్ల మందంలో 48ది సుమారు 2 కిలోల 400 గ్రాములు తూగాలి. 24ది అయితే కిలో 200 గ్రాములే. అల్యూమినియం ముఖం బరువు కొంచెం కలుపుకోండి. లారీ దిగిన రోజు కూరగాయల తక్కెడ తెచ్చి మేమే తూస్తాం. ముప్పై ఏళ్లు చేసిన పని.

వెండి రంగు బబుల్ షీటు ఒకటి ఉంది. నాలుగయిదు మిల్లీమీటర్ల మందం. "సార్, ఇది ఒక్కటి రెండంగుళాల వూల్‌తో సమానం" అన్నాడు అమ్మేవాడు. అది పూర్తిగా మోసం కాదు, పూర్తిగా నిజమూ కాదు. దాని వెండి ముఖం ముందు గాలి ఖాళీ ఉంటే అది సెగని బాగా ఆపుతుంది. అంటే సెగ తగ్గుతుంది, పాప చెప్పిన పెనం కొంత చల్లారుతుంది. కాని ఆ పలచని పొర వేడి పారడాన్ని అంతగా ఆపలేదు, ముఖం మీద దుమ్ము పేరుకుంటే వెండి పని పోతుంది. పైగా అందులో ఉన్నది ప్లాస్టిక్కు, కనుక నిప్పు ప్రశ్న దానికీ అడగాలి. రేపు ఏసీ పెట్టే ఆలోచన ఉంటే వూలే సరైనది.

మాకు ఎదురు చెప్పినవాళ్ల మాటల్లో బలమున్నవి రెండు ఉన్నాయి.

ఒకటి, "ఈ పాత కొట్టాయి మీద ఇంత ఖర్చు ఎందుకు, పడగొట్టి కాంక్రీటు హాలు కట్టుకుందాం." మంచి కలే. మేమూ కన్నాం. కాని ఆ హాలు మాట మొదట విన్నప్పుడు మా తలలో తెల్ల వెంట్రుక లేదు. హాలు వచ్చేదాకా పిల్లలు ఆగరు, పెద్దవాళ్లైపోతారు. పైగా కాంక్రీటు కప్పు పగలంతా వేడి తాగి రాత్రి వదులుతుంది, దానికీ పైన ఏదో ఒక పొర కావాల్సిందే. హాలు కట్టే రోజు వస్తే ఈ వూల్, ఈ వైర్లు విప్పి అక్కడికి తీసుకెళ్లవచ్చు.

రెండు, "వూల్ వేస్తే లోపలి వేడి రాత్రికి బయటికి పోదు." ఇది నిజం. రేకు ఎంత తొందరగా కాలుతుందో అంత తొందరగా చల్లారుతుంది, వూల్ వేశాక ఆ దారి మూసుకుంటుంది. అందుకే పైన వెంటిలేటర్లు, కింద జాలీలు అన్నాం. సాయంత్రం ఆరింటికి ఎవరో ఒకరు తలుపులు తెరిచి రాత్రి మూయాలి. మా ఇల్లు రెండు వీధుల అవతల, ఆ పని మేము చేస్తాం. ఒక లాభం కూడా చెప్పాలి. వాన పడితే ఇప్పుడు రేకు మీద మోతకి టీచరమ్మ గొంతు వినబడదు, తరగతి ఆపేస్తున్నాం. వూల్ ఆ మోతని కూడా చాలావరకు తాగేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎవరూ బయటికి అనని విషయం. ఏసీ కనబడుతుంది. గోడ మీద తెల్లగా ఉంటుంది, దాని కింద పేరు రాయించుకోవచ్చు, ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించవచ్చు, ఫోటో పెట్టవచ్చు. రేకు కింద పరిచిన దూదికి ఎవరు పేరు రాస్తారు? వాషర్లు మార్చినందుకు ఎవరు శాలువా కప్పుతారు? మన సంఘాల్లో డబ్బు ఎప్పుడూ కనబడే చోటికే పోతుంది. బీరువా కొంటాం, అందులో పెట్టే పుస్తకాలు కొనం. స్టేజీ కడతాం, స్టేజీ వెనక మరుగుదొడ్డి కట్టం. ఏసీలు ఇస్తానన్న దాత గారి మీద మాకు చాలా గౌరవం. వారి మనసు మంచిది కనుకనే ఈ మాట ధైర్యంగా రాస్తున్నాం. ఆ డబ్బు అలాగే కప్పుకి ఇవ్వమని వారిని చేతులు జోడించి అడుగుతున్నాం. పేరు కావాలంటే గుమ్మం పక్కన, ఎవరైనా లోపలికి వస్తూ చదివేలా రాయిద్దాం. కాని లోపలికి వచ్చి కూర్చున్న పాపకి తల మీద పెనం లేదని తెలిస్తే, అంతకంటే పెద్ద బోర్డు ఉండదు.

వచ్చే ఆదివారానికి మా తీర్మానం ఇది. ఏసీ కొనుగోలు ఒక ఏడాది వాయిదా. ఈ వానల్లో కారే చోట్లు గుర్తించాలి. జనవరిలో రేకు మరమ్మతు, వైరింగు, తెల్ల పెయింటు. ఫిబ్రవరిలో వెంటిలేటర్లు, వూల్. కొటేషన్ అడిగేటప్పుడు ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వాలి: మందం ఎంత, సాంద్రత ఎంత, కాలేదా కాలనిదా, అల్యూమినియం ముఖం ఏ వైపు. వచ్చే మేలో అదే బల్ల మీద, అదే రెండున్నరకి, అదే థర్మామీటరు పెడతాం. అప్పటికీ కూర్చోలేకపోతే ఏసీకి మొదటి చెయ్యి మేమే ఎత్తుతాం.

ఈ పనికి మా తరఫున ఒక నెల పెన్షను రాసుకోండి. గుమాస్తా చేతిలోంచి పైసా రాలదన్న మిత్రుడు ఆ రసీదు తమ చేత్తోనే రాయాలని కోరిక.